పచ్చచుక్క కథ



'సర్వేంద్రియాణాం నయనం ప్రధానం' అన్న మాట మనందరికీ చిన్నప్పటినుంచీ నోటికొచ్చినదే. కాని ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళ సంగతికి వచ్చేసరికి మనకు తెలిసినవి రెండే రెండు. ఒకటి చత్వారం, రెండోది శుక్లం. అద్దాలు పెట్టుకుంటే సర్దుకునేది చత్వారం. ఆపరేషను చేయిస్తే పోయేది శుక్లం. ఈ రెంటికీ లొంగకుండా చూపు తగ్గిందంటే, "ఏం చేస్తాం, వయసైపోయింది" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. ఆ ఒక్క మాట చాటున నూరేళ్ళకు పైగా ఒక జబ్బు దాక్కుని ఉంది. దాన్ని వైద్యులు ఎలా కనిపెట్టారు, మన హైదరాబాదులో ఎవరు లెక్కపెట్టారు, దానికి మందు ఎప్పుడు దొరికింది అన్న సంగతులు ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

ముందుగా ఆ జబ్బు ఇంట్లో ఎలా కనబడుతుందో చూద్దాం. మన కొత్తగూడ వైపు వెళ్ళారనుకోండి. ఒకపక్క బొటానికల్ గార్డెను, మరోపక్క అద్దాల ఆఫీసులు, 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవరు, దానికి అటూ ఇటూ అంతస్తు మీద అంతస్తుగా లేచిన ఇళ్ళు. ఆ ఇళ్ళల్లో కంప్యూటరు ఉద్యోగాలు చేసుకునే పిల్లలతోపాటు, ఊళ్ళో ఇంటికి తాళం వేసి వచ్చిన పెద్దవాళ్ళు కూడా ఉంటారు. అలాంటి ఒక ఇంట్లో డెబ్భై దాటిన అత్తగారున్నారనుకుందాం. హాల్లో ఏ కుర్చీకీ తగలకుండా తిన్నగా నడిచి వస్తారు. మూల పడి ఉన్న మనవడి బంతిని చూసి, "ఎవరైనా కాలు వేసి జారతారు, తీసెయ్యమ్మా" అని హెచ్చరిస్తారు. కాని బియ్యంలో రాయి కనబడదంటారు. పేపరు చదవలేనంటారు. లిఫ్టు దగ్గర పక్కింటావిడ ఎదురుపడి నవ్వితే పలకరించకుండా వెళ్ళిపోతారు.

ఇక కోడలికి అనుమానం. "అంత దూరాన బంతి కనబడ్డ మనిషికి, చేటలో రాయి కనబడదా? పని తప్పించుకోవడానికి కాకపోతే!" అనుకుంటుంది. పక్కింటావిడకేమో కోపం, చూసి కూడా చూడనట్టు పోయిందని. పాపం, ఆ పెద్దావిడ ఏ వంకా పెట్టడం లేదు. ఆవిడకు నిజంగానే బంతి కనబడుతుంది, మనిషి మొహం కనబడదు. ఈ చిక్కు విప్పాలంటే కాస్త కంటి లోపలికి వెళ్ళాలి.

కంటి వెనక గోడకు నేత్రపటలం అనే పల్చటి పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. దాన్నే రెటీనా అంటారు. మనం చూసేదంతా సినిమా తెరమీద బొమ్మ పడ్డట్టు దానిమీద పడుతుంది. ఆ తెరకు నట్టనడుమ పెసరగింజంత చోటు కొంచెం పసుపుపచ్చగా ఉంటుంది. దానికి బడి పుస్తకాల్లో పచ్చచుక్క అని పేరు. వైద్యులు మాక్యులా అంటారు. అక్షరం చదవడం, సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాయి ఏరడం, ఎదుటి మనిషి మొహం ఆనవాలు పట్టడం ఇవన్నీ ఆ పెసరగింజంత చోటు చేసిపెట్టే పనులు. చుట్టూరా ఉన్న మిగతా తెర అంతా నడవడానికీ, పక్కన కదిలేవి కనిపెట్టడానికీ పనికొస్తుంది గాని, సన్నపని దానివల్ల కాదు. వయసు మీద పడ్డాక కొందరికి ఈ పచ్చచుక్క క్రమంగా చెడిపోతుంది. అప్పుడు చూపు నడుమ భాగం మసకబారి, అంచులు బాగానే ఉంటాయి. అందుకే బంతి కనబడుతుంది, మొహం కనబడదు. వయసుతో వచ్చే మాక్యులా క్షీణత అంటే ఇదేనన్నమాట. దీనివల్ల పూర్తి చీకటి కమ్మడం సాధారణంగా జరగదు. మనిషి ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది, కాని ఎవరి మొహమూ చూడలేదు.

ఇక కథ మొదలుపెడతాను. పచ్చచుక్క ఉందన్న సంగతి 1782లోనే ఇటలీ దేశస్థుడైన బుజ్జీ అనే వైద్యుడు గమనించాడు. అయితే అది చనిపోయినవాళ్ళ కళ్ళను కోసి చూసినప్పటి మాట. బతికున్న మనిషి కంటి లోపల ఏముందో చూసే దారి అప్పటికి లేదు. నల్లగుడ్డు మనకు నల్లగా కనబడుతుందే గాని లోపలి గది కనబడదు. 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ అనే పండితుడు కంట్లోకి వెలుగు పంపి, తిరిగి వచ్చే ఆ వెలుగులోనే లోపలి తెరను చూసే చిన్న పరికరాన్ని లోకానికి అందించాడు. అంతవరకు తలుపు మూసి ఉన్న గదికి కిటికీ పెట్టినట్టయింది. ఇవాళ్టికీ కంటి డాక్టరుగారు దీపం పట్టుకుని మన కంట్లోకి తొంగిచూస్తున్నారంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ కిటికీలోంచి చూడగా చూడగా, కొందరు వృద్ధుల పచ్చచుక్క దగ్గర సన్న గసగసాలు చల్లినట్టు పసుపురంగు మచ్చలు కనబడ్డాయి. 1874లో ఇంగ్లండులో హచిన్సన్, టే అనే ఇద్దరు వైద్యులు వృద్ధుల్లో ఈ మార్పుల్ని వర్ణించి రాశారు. 1885లో స్విట్జర్లాండులో హాబ్ అనే కంటి వైద్యుడు ఇది ఫలానా జబ్బు అని వేరుచేసి చెప్పాడు. అయితే పెట్టిన పేరేమిటో తెలుసా? ముసలితనపు మాక్యులా క్షీణత అని. ఆ పేరు సుమారు నూరేళ్ళు అలాగే నిలిచింది. పేరులోనే ముసలితనం ఉన్నాక ఇక డాక్టరు చెప్పేదేముంది, ఇంట్లోవాళ్ళు అడిగేదేముంది? 1980లలో ఆ పేరు మార్చి 'వయసుతో ముడిపడిన' జబ్బు అనడం మొదలుపెట్టారు. చిన్న మార్పే అయినా, దానివల్ల ముసలితనం వేరు, జబ్బు వేరు అన్న ఆలోచన కలిగింది. వయసును తగ్గించలేం గాని, జబ్బుకు వైద్యం వెతకొచ్చు కదా!

మరి మన దేశంలో ఈ జబ్బు మాట ఎందుకు వినబడలేదు? అందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది ఆయుర్దాయం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో మనిషి సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్ళు. పసితనంలో పోయినవాళ్ళను కూడా కలిపి వేసిన సగటే అనుకోండి, అయినా డెబ్భై దాటి బతికేవాళ్ళు తక్కువే. ఆ వయసులో వచ్చే జబ్బు ఎక్కువమందికి కనబడే అవకాశమే లేదు.

రెండోది శుక్లం. కంటి ముందు కటకం మబ్బుపట్టి తెల్లబడితే బయటి వెలుగు లోపలికి పోదు, డాక్టరు దీపం వెలుగూ లోపలికి పోదు. ముందు తలుపే మూసుకుపోతే లోపలి గదిలో ఏం పాడైందో ఎవరికి తెలుస్తుంది? మన దేశంలో శుక్లానికి వైద్యం సుశ్రుతుడి కాలంనుంచీ ఉంది. మన కాలంలో హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పేరు తెచ్చిన డాక్టర్ పి. శివారెడ్డి గారు ఊరూరా కంటి శిబిరాలు పెట్టి, లక్షల సంఖ్యలో శుక్లాల ఆపరేషన్లు చేశారు. 1977లో పద్మభూషణ్ అందుకున్నారు. ఆ శిబిరాల సంగతి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బడిలోనో సత్రంలోనో వరసగా పడకలు, కళ్ళకు కట్లు, కొన్నాళ్ళకు సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఎంతో మందికి లోకం మళ్ళీ కనబడింది. కాని ఆపరేషను బాగానే జరిగినా చూపు రానివాళ్ళు ఎప్పుడూ కొందరుండేవారు. వాళ్ళను ఇంటికి తీసుకొచ్చి, "ఆపరేషను పట్టలేదు" అనో, "రాత అంతే" అనో అనేవాళ్ళు. ముందు తలుపు తెరిచారు గాని, లోపల తెర అప్పటికే పాడైన కళ్ళు వాళ్ళలో కొన్ని ఉండవచ్చునని ఊళ్ళో ఎవరికి తెలుసు?

మూడో కారణం, మందు లేకపోవడం. మందు లేని జబ్బుకు పేరు పెట్టి మాత్రం ఏం లాభమని వైద్యులూ ఊరుకున్నారు. ప్రభుత్వం 1976లో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడూ, 1994నుంచి ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో పథకం నడిపినప్పుడూ ముందు వరసలో నిలిచింది శుక్లమే. అది న్యాయమే కూడా, ఎందుకంటే ఎక్కువమందిని గుడ్డివాళ్ళను చేస్తున్నది అదే.

ఈ లెక్క తేల్చినది మన హైదరాబాదే. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన విరాళంతో, అమెరికా నుంచి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి ఆధ్వర్యంలో 1987లో బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మొదలైంది. ఆ సంస్థ వాళ్ళు 1996 నుంచి 2000 వరకు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం అనే పెద్ద పని తలపెట్టారు. హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ జనాన్ని ఎంపికచేసి, చిన్నా పెద్దా కలిపి 10,293 మందిని పరీక్షించారు. కంటిపాపను మందుచుక్కలతో పెద్దది చేసి, నేత్రపటలం దాకా చూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇవాళ కొత్తగూడ దాకా అల్లుకున్న ఈ కొత్త నగరానికి అది తొలి మేడ. నగరం ఒకవైపు పెరుగుతూ ఉంటే, ఇంకోవైపు మన పెద్దవాళ్ళ కళ్ళ లెక్క జరిగిందన్నమాట.

ఆ లెక్కలో ఏం తేలింది? నూరుమందిలో ఇద్దరికి కాస్త తక్కువగా, అంటే 1.84 శాతం మంది గుడ్డివాళ్ళని తేలింది. అందులో 44 శాతానికి శుక్లమే కారణం. ఇక మన పచ్చచుక్క జబ్బు, నలభై ఏళ్ళు పైబడినవాళ్ళలో 1.82 శాతం మందికి ఉంది. అంటే అది తెల్లవాళ్ళ దేశాల జబ్బనీ, మనకు రాదనీ అనుకోవడానికి వీల్లేదు. అరవై దాటినవాళ్ళలో ఎక్కువ. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా బయటపడింది. చుట్టలు బాగా కాల్చే అలవాటున్నవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా ఉంది. విదేశాల్లో సిగరెట్ల మీద అనుకున్న మాట మన చుట్టకూ వర్తించిందన్నమాట. చుట్ట మగవాళ్ళ వ్యవహారమే కదా అనకండి. ఉత్తరాంధ్ర తీరాన నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళ సంగతి వైద్యులు ఎంతో కాలంగా రాస్తూనే ఉన్నారు. శుక్లం ఆపరేషను అయినవాళ్ళలో కూడా ఈ జబ్బు ఎక్కువగా కనబడింది. అంతమాత్రాన ఆపరేషనే జబ్బు తెచ్చిందని తేలినట్టు కాదు. శుక్లం తీయించుకోవలసినవాళ్ళు నిరభ్యంతరంగా తీయించుకోవాలి. తీయించాక చూపు అనుకున్నంత రాకపోతే మాత్రం, లోపలి తెర ఎలా ఉందని అడగాలి.

ఇప్పుడు మందు కథ. ఈ జబ్బులో రెండు రకాలున్నాయి. ఒకటి పొడి రకం. ఎక్కువమందికి వచ్చేది ఇదే. పచ్చచుక్క కింది పొరలో చెత్త పేరుకుని, ఏళ్ళ తరబడి మెల్లగా చూపు తగ్గుతుంది. రెండోది తడి రకం. పదిమందిలో ఒకరిద్దరికే వస్తుంది గాని, వచ్చిందంటే వారాల్లో, నెలల్లో చూపును మింగేస్తుంది. నేత్రపటలం కింద పనికిమాలిన కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. తొందరపాటులో వేసిన పంపుగొట్టాల్లా అవి కారుతాయి, నెత్తురు చిమ్ముతాయి, చివరికి అక్కడ మచ్చ కట్టేస్తుంది.

ఆ నాళాలను మాడ్చేయాలన్న ఆలోచన ఎలా వచ్చిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1945లో యూరపులో సూర్యగ్రహణం పట్టినప్పుడు, దాన్ని ఉత్త కళ్ళతో చూసినవాళ్ళకు పచ్చచుక్క కాలిపోయింది. జర్మనీలో మేయర్ ష్వికెరాట్ అనే యువవైద్యుడు అలా కాలిన కన్ను చూసి, "వెలుగు కాల్చగలిగితే, కావలసిన చోటే కాల్చి వైద్యం చేయకూడదా?" అనుకున్నాడు. అక్కడినుంచి వెలుగుతో వైద్యం, ఆ తర్వాత లేసరు వైద్యం వచ్చాయి. గ్రహణం నాడు బయట నిలబడి చూడొద్దని మన అమ్మమ్మలు గదమాయించేవారు కదా. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రాష్ట్రం మీదుగానే పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి రంగాపూర్ వేధశాల దగ్గర శాస్త్రజ్ఞులు తగిన పరికరాలతో దాన్ని పరిశీలించారు. మిగతా విషయాల్లో అమ్మమ్మల మాట ఎలా ఉన్నా, సూర్యుణ్ణి ఉత్త కళ్ళతో చూడొద్దన్న ఒక్క మాటా పచ్చచుక్కను కాపాడే మాటే.

అయితే లేసరుకు ఒక పెద్ద లోపం ఉంది. చెడ్డ నాళంతోపాటు దాని మీద ఉన్న మంచి తెరనూ కాలుస్తుంది. నాళం పచ్చచుక్క నడిబొడ్డున ఉంటే, కాలిస్తే ఆ చూపు పోతుంది, కాల్చకపోయినా పోతుంది. డాక్టరుగారికీ అది ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దారి చూపినది కాన్సరు పరిశోధన. 1971లో అమెరికాలో జూడా ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు, కంతి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, ఆ నాళాలు రాకుండా అడ్డుకుంటే కంతి పెరగదు అన్నాడు. చాలామంది నవ్వారు. 1989లో ఫెరారా అనే శాస్త్రజ్ఞుడి బృందం, కొత్త నాళాలను రమ్మని పిలిచే పదార్థాన్ని వేరుచేసి పట్టుకుంది. దాన్ని వి.ఇ.జి.ఎఫ్. అంటారు. కంట్లో తడి రకం జబ్బుకు కూడా ఆ పిలుపే కారణం. 2004లో ఆ పిలుపును అణిచే మందు ఒకటి పెద్దపేగు కాన్సరుకు వచ్చింది. మరుసటి ఏడాది ఫ్లోరిడాలో రోజెన్‌ఫెల్డ్ అనే కంటి వైద్యుడు ఆ మందునే రవ్వంత తీసి కంట్లోకి ఎక్కించి చూశాడు. 2006లో అదే జాతి మందు రానిబిజుమాబ్ కంటికోసమే ప్రత్యేకంగా వచ్చింది. ఆ ఏడాదే అచ్చయిన పరీక్షలో, మందు తీసుకున్నవాళ్ళలో నూటికి సుమారు 95 మందికి ఏడాది తర్వాత చూపు పెద్దగా పడిపోకుండా నిలిచింది. మందు లేనివాళ్ళలో అలా నిలిచింది 62 మందికే. పూర్తి మోతాదు తీసుకున్నవాళ్ళలో మూడోవంతు మందికి చూపు బాగా మెరుగుపడింది కూడా. 'వయసైపోయింది' అన్న జబ్బులో పోయిన అక్షరాలు తిరిగి కనబడటం అంతకు ముందు అరుదైన మాట.

ఖరీదు మాటేమిటంటారా? మొదట్లో చాలా ఎక్కువే. అయితే కాన్సరు మందును చిన్న చిన్న మోతాదులుగా పంచి వాడితే చూపు విషయంలో ఖరీదైనదానితో సమానంగానే పనిచేస్తోందని 2011లో అమెరికాలో పెద్ద పరీక్ష తేల్చింది. 2015లో రానిబిజుమాబ్‌కు దీటైన మందు మన దేశంలోనే తయారై తక్కువ ధరకు వచ్చింది. నేత్రపటలాన్ని పొర పొరగా చూపించే ఓ.సి.టి. అనే పరీక్ష 1991లో పుట్టి, ఇప్పుడు మన నగరంలోని పెద్ద కంటి ఆసుపత్రులన్నిటికీ చేరింది. సూదికాదు, మందుకాదు, గడ్డం ఆనించి కూర్చుంటే క్షణాల్లో అయిపోతుంది.

ఇక్కడ మనం ఇల్లాళ్ళుగా గట్టిగా పట్టుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. కంట్లో సూది అనగానే పెద్దవాళ్ళు బెదిరిపోతారు. చుక్కలు వేసి కన్ను మొద్దుబరిచాకే మందు ఎక్కిస్తారు, నిమిషాల పని. ఒక్కసారితో అయిపోదు. మొదట్లో నెలనెలా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు వెళ్ళాలి. రెండు సూదులయ్యాక "ఏం మెరుగు కనబడలేదే" అని మానేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఉన్న చూపు ఉన్నట్టు నిలవడమే ఈ మందుకు గెలుపని గుర్తుంచుకోండి. సూది అయ్యాక కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

పొడి రకానికి ఇంకా అంతటి మందు లేదు. 2023లో అమెరికాలో రెండు మందులకు అనుమతి వచ్చింది గాని, అవి ముదిరిన జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, పోయిన చూపును తేవు. కొన్ని విటమిన్లు, జింకు కలిపిన మాత్రలు మధ్యదశలో ఉన్నవాళ్ళకు జబ్బు ముదిరే ప్రమాదాన్ని నూటికి 25 వంతులు తగ్గిస్తాయని 2001లో అమెరికాలో తేలింది. అది అందరికీ కాదు, ఆ దశలో ఉన్నవాళ్ళకే. పైగా పొగతాగేవాళ్ళకు ఆ మాత్రల్లోని బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు పెంచుతుంది. అందుకని దానికి బదులు ల్యూటిన్ వంటివి వాడవచ్చునని 2013లో సవరించారు. కనుక మందుల షాపులో మనంతట మనం కొనేయకూడదు.

ల్యూటిన్ అంటే మరేదో కాదు, పచ్చచుక్కకు ఆ పసుపురంగు ఇచ్చే పదార్థాల్లో ఒకటి. మన ఒళ్ళు దాన్ని తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో అది ఉంటుంది. పిల్లల రేచీకటికి విటమిన్ ఎ మోతాదు ఇచ్చే పద్ధతిని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించి చూపితే, 1970లో అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. పెద్దవాళ్ళ పచ్చచుక్క జబ్బు ఆకుకూర తింటే నయమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వారానికి మూడు నాలుగుసార్లు ఆకుకూర వండండి, అది అన్నిటికీ మంచిదే. అలాగే కంప్యూటరూ ఫోనూ చూడటంవల్ల ఈ జబ్బు వస్తుందన్న భయం మన కొత్తగూడ వైపు ఇళ్ళల్లో ఉండవచ్చు. అలాంటి రుజువేమీ లేదు. కళ్ళు అలిసిపోవడం, పొడిబారడం వేరే సంగతి.

మరి జబ్బును ముందుగా ఎలా పసిగట్టడం? దీనికి స్విట్జర్లాండు వైద్యుడు ఆమ్స్‌లర్ 1940లలో ఒక తేలిక ఉపాయం చెప్పాడు. గళ్ళు గీసిన కాగితం, నడుమ ఒక చుక్క. చుక్కనే చూస్తూ ఉంటే చుట్టూ గీతలన్నీ తిన్నగా కనబడాలి. వంకర పోయినట్టో, మధ్యలో కొన్ని గళ్ళు మాయమైనట్టో కనబడితే పచ్చచుక్కలో ఏదో జరుగుతున్నదన్నమాట. మనకు ఇది కొత్తేమీ కాదు. ముగ్గు పెట్టే చెయ్యికి చుక్కల వరస ఎక్కడ వంకర పోయిందో ఇట్టే తెలుస్తుంది. వరస తిన్నగా పెట్టినా వంకరగా కనబడుతున్నదంటే తప్పు చేతిది కాకపోవచ్చు, కంటిది కావచ్చు. గోడ క్యాలెండరు గళ్ళు, కిటికీ ఊచలు, తలుపు చట్రం ఏదైనా పనికొస్తుంది. చదివే అద్దాలు పెట్టుకోండి. కాగితమైతే జానెడున్నర దూరాన పట్టుకోండి. ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా మూసి, రెండో కంటితో చూడండి. తర్వాత ఆ కన్ను మూసి ఈ కంటితో చూడండి. ఒక్కొక్క కన్నే ఎందుకంటే, ఒక కన్ను పాడైనా రెండోది దాని పనీ తానే చేసేస్తుంది. అక్కచెల్లెళ్ళలో ఒకరు పడకేస్తే రెండోవారు వంటంతా చేసినట్టు. రెండోదీ పడకేశాక గాని ఇంట్లోవాళ్ళకు తెలియదు.

చూపు ఇప్పటికే పోయినవాళ్ళకు చేయగలిగింది కూడా ఉంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ వంటిచోట్ల, మిగిలిన కొద్దిచూపును వాడుకోవడం నేర్పే విభాగాలున్నాయి. భూతద్దాలు ఇస్తారు. కొంచెం పక్కకు చూసి అంచుచూపుతో పోల్చుకోవడం నేర్పుతారు. ఇంట్లో మనం చేయగలిగినవి ఇంకా తేలిక. చదివేచోట మంచి దీపం పెట్టడం, తెల్లటి అన్నం తెల్లటి పళ్ళెంలో కాక ముదురు రంగు పళ్ళెంలో పెట్టడం, మెట్ల అంచుకు రంగు పట్టీ వేయడం. దగ్గరికి వెళ్ళినప్పుడు "అత్తయ్యా, నేను" అని పేరు చెప్పి పలకరించడం.

ఇంకొక్క మాట. మధ్యచూపు పోయిన కొందరికి లేని మనుషులు, పూలు, రంగుల గళ్ళు కనబడుతుంటాయి. ఆవిడ చెబితే గాలి సోకిందనో, మతి చలించిందనో అనుకుంటాం. ఆ భయానికే చాలామంది చెప్పరు. 1760లోనే స్విట్జర్లాండులో చార్లెస్ బోనే అనే పండితుడు, చూపు తగ్గిన తన తాతగారికి అలాగే కనబడుతుండేవని, ఆయన మతి మాత్రం దివ్యంగా ఉందని రాశాడు. చూపు అందక మెదడు తనంతట తాను అల్లుకునే బొమ్మలవి. డాక్టరుకు చెప్పాలి గాని, భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళకూడదు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటివెలుగు మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్ళు చూశారు. ఎంతో మందికి అద్దాలొచ్చాయి. ఆ అద్దాలు పెట్టుకున్నా మొహాలు కనబడని పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, అద్దాలు మళ్ళీ మార్చి ఊరుకోకుండా రెటీనా చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. గీతలు కొత్తగా వంకరగా కనబడుతున్నాయంటే పండగ వెళ్ళాకనో, బాబు పరీక్షలయ్యాకనో అని వాయిదా వేయకండి. తడి రకమైతే రోజుల లెక్కే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న సామెత దీనికి సరిగ్గా అతుకుతుంది.

పరీక్ష చేసేటప్పుడు అత్తగారివీ, మామగారివీ, అమ్మవీ చూసి వదిలేయకండి. యాభై దాటినవారైతే మీ కళ్ళు కూడా చూసుకోండి. ఇంటిల్లిపాదికీ తర్వాతే తన వంతు అనుకోవడం మన ఆడవాళ్ళకు అలవాటు. క్యాలెండరు గోడమీదే ఉంది, అరచెయ్యి మన దగ్గరే ఉంది, రెండు నిమిషాల పని. సెలవు.